రేకుకు చెప్పిన మాట

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, జూన్ నెల మొదట్లో, నన్ను డిప్యుటేషన్ మీద బస్తర్‌లోని కోంటాకు పంపారు. అప్పటికి నేను హైదరాబాద్ శివార్లలో విమాన భాగాలు తయారుచేసే ఒక కర్మాగారంలో మాస్టర్ టెక్నీషియన్‌ని. టెక్నీషియన్లలో అంతకన్నా పై మెట్టు లేదు. ఆ పైన ఉండేవాళ్లంతా ఇంజనీర్లు, వాళ్ల చేతులకు నూనె అంటదు. అల్యూమినియం రేకులనూ వాటి లోపలి పక్కటెముకలనూ రివెట్లతో బిగించి, రెక్కల చివరి భాగాలు, చిన్న తలుపులు, పెట్టెలు తయారుచేయడం మా విభాగం పని. రివెట్ గన్ను పట్టిన ఆడవాళ్లలో మా కర్మాగారంలో నేనే మొదటిదాన్ని. ఆ సంగతి ఎవరూ అడగకపోయినా చెబుతుంటాను.

నన్నే ఎందుకు పంపారంటే, మా నాన్న బైలదిల్లా గనుల్లో ఫిట్టరు. నేను పుట్టి పెరిగింది కిరందుల్ కాలనీలో. తెలుగు ఇంట్లో, హిందీ బడిలో, హల్బీ సంతలో నేర్చుకున్నాను. "మీ ఊరే కదమ్మా" అన్నారు మా మేనేజరు. కిరందుల్‌కీ కోంటాకీ మధ్య ఎంత అడవి ఉందో ఆయనకు తెలియదు. నేనూ చెప్పలేదు. చిన్నప్పటి గాలి మళ్లీ పీల్చుకోవచ్చని నాకే వెళ్లాలనిపించింది.

కోంటాలో శబరి నదికి కాస్త ఎడంగా, రేకుల కప్పుతో ఒక పెద్ద షెడ్డు. చుట్టుపక్కల ఊళ్ల యువతీయువకులకు ఆరునెలలపాటు రివెటింగ్ నేర్పాలి. చివర కొనుగోలుదారు తరఫున ఇన్‌స్పెక్టర్ వచ్చి పరీక్ష పెడతాడు. అందులో నెగ్గినవాళ్లతో ఆ షెడ్డు పక్కనే చిన్న వర్క్‌షాప్ మొదలుపెట్టి, విమానాలకు కావలసిన చిన్న పెట్టెల పని అక్కడికే పంపుతామని మా కంపెనీ మాటిచ్చింది. ఇల్లు వదలకుండా, ఊరు దాటకుండా నెల జీతం. ఆ మాట భేజ్జి దాకా, ఇంకా లోపలి ఊళ్ల దాకా పాకింది. మొదటిరోజు షెడ్డు ముందు నిలబడ్డ జనాన్ని చూసి ఇక్కడేదో సంత జరుగుతోందని ఒక గాజులమ్మి బుట్ట దించుకుంది.

ఈ పని గురించి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. రివెట్ అంటే మేకు కాదు. ఒకవైపు తల, రెండోవైపు నున్నటి కాడ ఉన్న చిన్న అల్యూమినియం ముక్క. రెండు రేకుల్లో పడిన రంధ్రంలోంచి దాన్ని దూర్చి, తల వైపు నుంచి గాలితో నడిచే గన్నుతో కొడతారు. అవతలివైపు కాడకు ఇనుపదిమ్మ అదిమి పట్టుకుంటారు. ఆ దిమ్మను మేం డాలీ అంటాం. గన్ను దెబ్బకూ డాలీకీ మధ్య నలిగి కాడ బుడిపెలా ఉబ్బుతుంది, రేకులు రెండూ ఒకటవుతాయి. గన్ను పక్కకు జారితే రివెట్ తల పక్కన నెలవంకలాంటి గాటు పడుతుంది. షాపుల్లో, అంటే వర్క్‌షాపుల్లో, దాన్ని స్మైలీ అంటారు. కోంటాలో నేను చెప్పిన మొదటి పాఠం అదే: మీరు ఎంతైనా నవ్వండి, రేకు మాత్రం నవ్వకూడదు.

ఇద్దరు కలిసి చేసే పని ఇది. గన్ను పట్టినవాడికి అవతల బుడిపె కనిపించదు. అది బాగా వచ్చిందో లేదో తెలిసేది డాలీ పట్టినవాళ్లకే. చెవులకు మూతలుంటాయి కాబట్టి మాట వినపడదు. అందుకని డాలీతో రేకు మీద తట్టి చెబుతారు. ఒక దెబ్బ అంటే ఇంకా కొట్టు. రెండు దెబ్బలంటే సరిపోయింది, పక్క రివెట్‌కు పో. మూడు దెబ్బలంటే ఇది చెడింది, ఊడదీసి కొత్తది వెయ్యి.

నేర్చుకోవడంలో వాళ్లకేమీ లోటు లేదు. గురి ఉంది, ఓపిక ఉంది. ఒక్క రోగం మాత్రం నా ప్రాణం తీసింది, అది మర్యాద. అవతలివాడు కొట్టిన రివెట్ చెడిందని చెప్పడానికి ఎవరికీ మనసొప్పేది కాదు. చెవిమూత పక్కకు జరిపి, పెట్టె మీంచి తొంగిచూసి, "ఠీక్ హై?" అని ఒకరు, "ఠీక్ హై, ఠీక్ హై" అని ఇంకొకరు. నేను బుడిపె కొలిచే గేజి పట్టుకుని వెళ్లి చూస్తే బుడిపె పక్కకు ఒరిగి ఉండేది. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఆయన అంటాడు. అది అబద్ధం, నాలుక మీద ఉంటుంది. ఆ వానాకాలమంతా దానికి తీరిక లేదు.

వాళ్లలో డాలీ పట్టడంలో అందరికన్నా నేర్పరి కుంజం సోమి. భేజ్జి అవతలి ఊరి కోడలు. సన్నటి మనిషి, మాట తక్కువ. బుడిపె మీద వేలు ఆనించి గేజి చెప్పేదే తనూ చెప్పేది. ఏటా కోతలకాలంలో మొగుడితో కలిసి గోదావరి అవతలికి మిరపకాయలు ఏరడానికి వెళ్లేది. కూతురికి బడి ఈడు వచ్చింది. "మిరపతోటకు పోతే పిల్ల బడి పోతది మేడం. మొన్న పోయినప్పుడు కండ్లు మండి రాత్రంత ఏడ్సింది. ఈ నౌకరీ దొరికితే ఇగ పోను" అని ఒకరోజు తనే చెప్పింది. సోమి నోట నేను విన్న అతిపొడవైన మాట అది.

గన్ను పట్టడంలో మేటి మడకం దేవా. ముప్పై దాటిన మనిషి, ట్రాక్టర్లు బాగుచేసిన చేయి. గన్ను అతని చేతిలో పెంపుడుపిల్లిలా ఉండేది. ఒక్క స్మైలీ పడనిచ్చేవాడు కాదు. ఆ సంగతి అతనికీ తెలుసు, ఎవరైనా చెబితే కాదనేవాడు కాదు.

వానలు తగ్గుతున్న రోజుల్లో సోమితో కలిసి నేర్చుకుంటున్న అమ్మాయికి వాళ్ల ఊళ్లో ఆశా కార్యకర్త పని దొరికి వెళ్లిపోయింది. అదే వారం దేవా జోడీ తాటిచెట్టు దిగుతూ జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. విమానాల పని నేర్చుకుంటూ తాటిచెట్టు మీంచి పడ్డాడని షెడ్డంతా వారంరోజులు నవ్వుకుంది. పరీక్షకు జంటగానే కూర్చోవాలి, జంట లేనివాళ్లు ఇంటికి వెళ్లాలి. నాకు ఇందులో చిక్కేమీ కనిపించలేదు. మేటి గన్ను, మేటి డాలీ రెండూ ఖాళీగా ఉన్నాయి. బోర్డు మీద ఇద్దరి పేర్లూ పక్కపక్కన రాసి, పని తీరిపోయినట్టు చేతులు దులుపుకున్నాను.

దేవా బోర్డు చూశాడు. గన్ను బల్ల మీద పెట్టి బయటికి నడిచి, చూరు కింద వాన చూస్తూ నిలబడ్డాడు. సోమి చీరచెంగు తల మీదికి లాక్కుని స్తంభం చాటుకు వెళ్లింది. ఇద్దరికీ ఏదో తగవుందనుకుని నా నాలుకకు పని చెప్పాను. చివరికి పక్క బల్ల దగ్గరున్న ఒక అమ్మాయి నవ్వు ఆపుకుంటూ అంది: "ఏంది మేడం, మీకు తెల్వదా? ఆయన ఆమెకు జేఠ్."

జేఠ్ అంటే భర్తకు అన్న, తెలుగులో బావగారు. సోమి బడి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు ఉండటంతో నాకు చుట్టరికం తెలియలేదు. బస్తర్‌లో చాలా ఇళ్లలో తమ్ముడి భార్య, ఆమె బావ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. నేరుగా మాట్లాడుకోరు. ఆమె అతని పేరు పలకదు. ఒకే మంచం మీద కూర్చోరు. చేతిలోంచి చేతికి చెంబైనా అందించుకోరు, కింద పెడితే రెండోవాళ్లు తీసుకుంటారు. సంతలో ఆ మాట చిన్నప్పుడే విన్నాను. మూడునెలలుగా ఒకే షెడ్డులో ఆ ఇద్దరూ ఎప్పుడూ చెరో మూలే ఎంచుకుంటున్నారని మాత్రం నాకు తట్టలేదు.

మిగతా జంటల్ని విడదీసి మళ్లీ కలిపితే, ఇంతకాలం కుదిరిన చేతులన్నీ మళ్లీ మొదటికొస్తాయి. ఆ మాటే ఇద్దరికీ విడివిడిగా చెప్పాను. దేవా బల్ల మీది పెట్టె వైపు చూశాడు. "మధ్యల పెట్టె ఉంటది గద మేడం?" అని అడిగాడు. ఉంటుందన్నాను. "నాకు ఆమె కనపడదు?" కనపడదన్నాను. "నేను మాట్లాడేది లేదు?" లేదన్నాను. "అయితే చేస్త" అన్నాడు. సోమి అవే ప్రశ్నలు స్తంభం వెనకనుంచి అడిగింది.

వాళ్లిద్దరూ పని మొదలుపెట్టిన రోజు నాకు పండగలా అనిపించింది. పరీక్షపెట్టె అర తలుపంత ఉంటుంది. ఇవతల గన్నుతో దేవా, అవతల పెట్టెలోకి చేతులు దూర్చి సోమి. తొంగిచూడటం లేదు, కేకలు లేవు, ఠీక్ హై లేదు. ఒక దెబ్బ, మళ్లీ గన్ను, రెండు దెబ్బలు, పక్క రివెట్. ఇంకో సంగతి చూసి అయితే పైకే నవ్వాను. పనిముట్లు చేతిలోంచి చేతికి మారకూడదన్నది విమానాల షాపుల్లో కఠిననియమం. మన పేరున్న ఇత్తడి బిళ్ల బోర్డు మీద తగిలించి పనిముట్టు తీసుకోవాలి, తిరిగి అక్కడే పెట్టాలి. లేకపోతే మరిచిపోయిన స్క్రూడ్రైవర్ రెక్కలో ఉండిపోతుంది. ఈ నియమం నేర్పడానికి హైదరాబాద్‌లో మాకు ఏళ్లు పట్టింది. ఈ ఇద్దరికీ చెప్పనక్కర్లేకపోయింది. సోమికి డ్రిల్లు కావాలంటే దేవా బోర్డు దగ్గర పెట్టి పక్కకు జరిగేవాడు, సోమి వచ్చి బిళ్ల మార్చి తీసుకునేది.

ఆ సంబరం వరికోతల చివరిదాకా నిలిచింది. ఒక సాయంత్రం వాళ్ల పెట్టె లోపల అద్దం పెట్టి చూస్తే ఒక వరసలో రెండు బుడిపెలు ఒరిగి ఉన్నాయి. కొత్తవాళ్లకు కనపడకపోవచ్చు, సోమి వేలికి తెలియకపోదు. ఆ రెండింటికీ రెండేసి దెబ్బలే పడ్డాయని నా చెవులే సాక్ష్యం. పిలిచాను. గట్టిగా అడిగితే అంది: "కొట్టింది పెద్ద బావ మేడం. ఆయన పని బాగలేదని నేనెట్ల చెప్పాలె? మా ఇంట్ల మా మామ గూడ ఆయన్ని ఒక మాటనడు."

మిగతావాళ్ల మర్యాద వేరు, ఈ మర్యాద వేరు. అది స్నేహం, చివాట్లతో వదిలించవచ్చు. ఇది ఇంటి కట్టుబాటు, నా చివాట్లు దీని గడప కూడా తొక్కవు. ఇన్‌స్పెక్టర్ అద్దం పెట్టకుండా ఉండడు. ఒరిగిన రివెట్ ఒక్కటి దొరికినా ఆ పెట్టె పోతుంది, ఇద్దరూ పోతారు. దేవాకు ట్రాక్టర్లున్నాయి. సోమికి మిరపతోట తప్ప ఇంకేమీ లేదు.

ఆ ఆదివారం వాళ్లింటికి బయల్దేరాను. సోమి అత్తగారి దగ్గర అనుమతి తెచ్చుకోవాలనీ, పెద్దదిక్కు చెబితే కోడలు వింటుందనీ నా ఆలోచన. సోమి భర్త భీమా బండి మీద తీసుకెళ్లాడు. దారిపొడవునా అన్న గొప్పా పెళ్లాం గొప్పా చెరిసగం చెప్పాడు. అత్తగారు లచ్చమ్మ వాకిట్లోనే చాప వేసి, శబరి చేపలకూరా అన్నమూ ఆకుదొప్పల్లో పెట్టింది. నేను వచ్చిన పని చెబితే బుగ్గ నొక్కుకుని, "అదెట్ల అయితది తల్లీ, కోడలు బావకు ఎదురు చెప్తదా?" అంది. నేను తినడం ఆపేశాను.

సరిగ్గా అప్పుడే దేవా చేను నుంచి వచ్చి, మేకలదొడ్డి తడిక తీసి, లోపల ఏదో పెట్టి, తడిక తెరిచే ఉంచి వచ్చి తినడానికి కూర్చున్నాడు. రెండు మేకలు నింపాదిగా బయటికొచ్చి చిక్కుడుపాదు మీద పడ్డాయి. సోమి వంటింట్లోంచి వచ్చింది. బావ వైపు వీపు పెట్టి, ఒక మేక చెవి పట్టుకుని మొదలుపెట్టింది: "ఓ మేకా! తడిక తీసినోళ్లు మూయాలని తెల్వదా? దినాం చెప్తనే ఉన్న. నీకు చెవులున్నయా, ఆకులున్నయా? చిక్కుడుకాయ నువ్వు తింటే రేపు కూర నీ తలకాయ వండాల్నా?"

దేవా ముద్ద దొప్పలో వదిలేసి, లేచి వెళ్లి, మేకల్ని తోలి, తడిక మూసి, తాడు కూడా కట్టి వచ్చి కూర్చున్నాడు. అతని ముఖంలో కోపం లేదు. లచ్చమ్మ ఏమీ జరగనట్టు నాకు ఇంకో చేపముక్క వేసింది. నవ్వింది నేనొక్కదాన్నే.

అత్త మీది కోపం దుత్త మీద చూపడం మనకు తెలిసిందే. ఆ సామెతలో దుత్త పగులుతుంది, అత్తకు ఏమీ కాదు. ఇక్కడ మేకకు ఏమీ కాలేదు, తడిక మూతపడింది. ఎన్నాళ్లనుంచి ఇలా అని లచ్చమ్మను అడిగాను. ఆమెకు నా ప్రశ్నే అర్థం కాలేదు. "కోడలు ఇంకెట్ల చెప్తది? కోడికో, మేకకో, గోడకో చెప్తది. తగలాల్సినోనికి తగుల్తది. నేను గూడ మా బావ ఉన్నన్ని దినాలు రోలుకే చెప్పిన" అంది. నేను ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకున్నాను.

మర్నాడు షెడ్డులో సోమిని పెట్టె దగ్గరికి తీసుకెళ్లి ఒకే మాట చెప్పాను. "మీ బావకు నువ్వేమీ చెప్పొద్దు. రేకుకు చెప్పు. రివెట్ చెడిందని రేకును మందలించు, అంతే." సోమి రేకును పైనుంచి కిందికి చూసింది, చేత్తో నిమిరింది. "ఇది మేక లెక్కనా మేడం?" అంది. మేకకన్నా మేలు, చిక్కుడు తినదన్నాను. అదే మాట దేవాకూ చెప్పి, ఇక నీతో మాట్లాడేది మరదలు కాదు, రేకు అన్నాను. అతను తల ఊపాడు. ఒప్పుకున్నాడో, నన్ను వదిలించుకున్నాడో అప్పుడు తెలియలేదు.

పరీక్షకు వారమే ఉంది. పాతరేకు మీద దేవా చేత కావాలని చెడగొట్టించి, సోమి చేత మూడు దెబ్బలు కొట్టించాను. ఆమె తడితే చీమ నడిచినట్టుండేది. అది తట్టడం కాదు, గోకడం అని చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. అయినా ఇదంతా నాటకమని ముగ్గురికీ తెలుసు. నిజంగా బాగా కొట్టాననుకున్న రివెట్ చెడిందని చెప్పాల్సి వస్తే ఏమవుతుందో ఎవరికీ తెలియదు.

డిసెంబరులో వరికోతలు ముగిశాక ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. పొడుగాటి మనిషి, అవసరమైతేనే హిందీలో ఒక ముక్క. జేబులో చిన్న అద్దం, మెడలో భూతద్దం. పరీక్ష జరుగుతుంటే శిక్షకులు పసుపుగీత దాటకూడదు, నోరు విప్పకూడదు. రెండోది నాకు పెద్ద శిక్ష. షెడ్డు తలుపుల దగ్గర ఊళ్లనుంచి వచ్చిన జనం, వాళ్లలో లచ్చమ్మ, ఆమె చంక మీద సోమి కూతురు.

దేవా, సోమి పని మొదలుపెట్టారు. వరస తరవాత వరస రెండేసి దెబ్బలు పడుతున్నాయి. నేను వేళ్లు మడుచుకుంటూ నిలబడ్డాను. చివరి వరస మూలకు వచ్చేసరికి కరెంటు వోల్టేజి పడిపోయి, గన్నులకు గాలినిచ్చే కంప్రెసర్ మూలిగింది. గన్ను చప్పుడు ఒక్క క్షణం పలచబడి మళ్లీ పుంజుకుంది. ఆ క్షణంలో కొట్టిన రివెట్ మీద నాకు అనుమానం వచ్చింది. తల వైపు చూస్తే అద్దంలా ఉంది, గాటు లేదు, గీత లేదు. దేవా గన్ను ఎత్తి, రెండు దెబ్బల కోసం ఎదురుచూస్తూ పక్క రివెట్ మీద కన్నేశాడు.

ఒక దెబ్బ పడింది. దేవా గన్ను మళ్లీ ఆనించి కొంచెం కొట్టాడు. ఆ తరవాత ఏమీ వినపడలేదు. పెట్టె వెనక సోమి వేలు ఆ బుడిపె చుట్టూ తిరుగుతోందని నాకు తెలుసు. ఒరిగింది కొంచెమే అయితే గేజి ఒప్పుకున్నా ఒప్పుకోవచ్చు. ఆ మూలలో అద్దానికి వెలుతురు కూడా చాలదు. రెండు దెబ్బలు కొట్టేస్తే గట్టెక్కే అవకాశం లేకపోలేదు. తలుపు దగ్గర పిల్ల "అమ్మా" అని పిలిచింది. లచ్చమ్మ దాని నోరు మూసింది.

అప్పుడు రేకు మోగింది. ఒకటి, రెండు. దేవా గన్ను పక్క రివెట్ మీదికి జరిగింది. మూడు. గోకడం కాదు, షెడ్డు కప్పుకు తగిలేంత గట్టిగా.

దేవా కదల్లేదు. మూడు దెబ్బల అర్థం ఈ ఆరునెలల్లో తలుపుల దగ్గరి జనానికీ తెలిసిపోయింది. మరదలు బావ పనిని పదిమందిలో కాదన్నదని అక్కడ అందరికీ అర్థమైంది. అతని చెవులు ఎర్రబడటం నాకు కనిపించింది. గన్ను బల్ల మీద పెట్టాడు. బయటికి నడుస్తాడనుకున్నాను. అతను చెవిమూత తీసి, పెట్టె వైపు తిరిగి, తమ్ముడి కూతుర్ని బుజ్జగించే గొంతుతో అన్నాడు:

"సరే తియ్ రేకూ, ఊకో. తీసి కొత్తది ఏస్త."

మొదట పెట్టె వెనకనుంచి సోమి నవ్వు వినిపించింది. ఆ మనిషి అంత పెద్దగా నవ్వగలదని నాకు ఆరునెలల్లో తెలియలేదు. ఆ వెంటనే తలుపుల దగ్గర జనం, మిగతా బల్లల దగ్గరి పిల్లలు, చివరికి దేవా కూడా. షెడ్డులో రేకు తప్ప అందరూ నవ్వారు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి, పసుపుగీత దాటకుండానే తుడుచుకున్నాను.

దేవా రివెట్ తల మధ్యలో డ్రిల్లు నిలిపి తల ఊడదీశాడు. కాడను మెల్లగా బయటికి తోశాడు. రంధ్రం పెద్దది కాలేదని గేజితో చూసుకుని కొత్త రివెట్ పెట్టాడు. గన్ను, ఒక దెబ్బ, గన్ను, రెండు దెబ్బలు. ఊడదీసిన ముక్కను బల్ల అంచు మీద పెట్టి పక్కకు జరిగాడు. సోమి వచ్చి దాన్ని తీసి చెత్తడబ్బీలో వేసింది.

ఇన్‌స్పెక్టర్ ఆ పెట్టె దగ్గర అందరికన్నా ఎక్కువసేపు ఉన్నాడు. ఊడదీసిన రివెట్‌ను డబ్బీలోంచి తీయించి భూతద్దం కింద చూశాడు. ఇది నా గేజికి దొరికేది కాదేమో అన్నాడు. తరవాత నన్ను పిలిచి, అతను పెట్టెతో ఏమన్నాడని అడిగాడు. ఉన్నదున్నట్టు హిందీలో చెప్పాను. కాసేపు నన్నూ పెట్టెనూ మార్చిమార్చి చూసి, పొద్దుటినుంచీ ఇన్ని బల్లల దగ్గర మూడు దెబ్బలు వినపడింది ఇక్కడొక్కచోటేనన్నాడు. మిగతా పెట్టెల్లో అద్దం ఇంకొంచెం లోతుగా పెట్టి చూస్తానని కూడా అన్నాడు. అన్నంత పనీ చేశాడు. కొన్ని జంటలు ఆ రోజు వెనక్కి వెళ్లి మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. దేవా, సోమిల పెట్టె మీద మాత్రం ముద్ర వెంటనే పడింది.

లచ్చమ్మ నా రెండు చేతులూ పట్టుకుని ఊపింది. "నా పెద్దకొడుకు పుట్టినకాడ్నుంచి తప్పొప్పుకున్నది ఇదే ఫస్ట్ తల్లీ. అది గూడ రేకుతోటి!" అంది. ఆ సాయంత్రం వాళ్ల ఊళ్లో డోలు మోగింది, కోడి తెగింది. సోమి ఆడవాళ్ల వరసలో, దేవా మగవాళ్ల వరసలో చిందేశారు. నన్నూ లాగారు. నా మోకాళ్లు ఆ సంగతి నెలరోజులు గుర్తుచేశాయి.

వర్క్‌షాప్ మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. ఆ ఏడు సోమి గోదావరి దాటలేదు, ఆ తరవాతా దాటలేదు. పిల్ల బడికి వెళుతోంది. రిటైరయ్యాక ఒకసారి చూసి వద్దామని వెళ్లాను. దేవా ఇప్పుడు టెక్నీషియన్, సోమి అతనికన్నా ఒక మెట్టు పైన, సీనియర్ టెక్నీషియన్. పనిచీటీలు ఆమె బల్ల మీద పెడుతుంది, అతను తీసుకుంటాడు. ఇంకా ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. కొత్తగా చేరినవాళ్లు మొహమాటపడితే దేవాయే గసురుతాడట, "నాకు చెప్పకు, రేకుకు చెప్పు" అని.

కోంటా నుంచి తిరిగి వచ్చాక హైదరాబాద్‌లో నా ఆఖరి బ్యాచ్‌లకు నేను రెండు మార్పులు చేశాను. శిక్షణ మొదటిరోజునుంచీ జంటల మధ్య గుడ్డతెర కట్టించాను. మొదటి పాఠంలో మంచి రివెట్ వేయడం కన్నా ముందు మూడు దెబ్బలు కొట్టడం నేర్పాను. పని బాగలేదని ఎదుటిమనిషి ముఖం మీద చెప్పడం ఎవరికైనా కష్టమే. ఆ మాట మోయడానికి మధ్యలో ఒక రేకు ఉంటే చెప్పేవాళ్లకూ వినేవాళ్లకూ పని మిగులుతుంది, పరువూ మిగులుతుంది. ఇక పర్యవేక్షకుల కోసం ఒక మాట. షాపులో రోజంతా రెండేసి దెబ్బలే వినిపిస్తుంటే సంతోషించకండి, అద్దం తీసుకుని లోపలికి వెళ్లండి.